భైరవుడి ఒంటి మీది పిడుదులు

శుక్రవారం, రాత్రి

ఒక కుక్కను బతికించడానికి దాని ఒంటి మీది పిడుదులన్నిటినీ చంపడం పాపమా? క్యాంపంతటికీ ధర్మం చెప్పేవాడివి, నీకు నువ్వు జవాబు చెప్పుకో.

ఈ ఎడారి దేశంలో మా కూలీల క్యాంపు కుక్క భైరవుడు పిడుదులు పట్టి తిండి మానేశాడు. ఈ శుక్రవారానికి పురుగులు పోకపోతే వాణ్ణి ఎడారిలో వదిలేస్తానన్నాడు ఫోర్‌మన్. డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం రమ్మని పోయిన వారం సత్సంగంలో అందరినీ పిలిచాను. నా పక్క మంచం రాజన్న నవ్వాడు.

"సామీ, అన్ని జీవులల్ల దేవుడున్నడని నువ్వే చెప్తివి. పిడుదులల్ల లేడా?"

ఒడిలో గ్రంథం ఉంది. దాని మీద చెయ్యి వేసి చెప్పాను.

"ఉన్నడు రాజన్నా. యుద్ధంల అవతలి దిక్కు నిలబడ్డోళ్లల్ల గూడ ఉన్నడు. అయినా బాణం వెయ్యమనలేదా పరమాత్మ? మనల నమ్ముకున్నదాని నెత్తురు తాగుతుంటే చూసుకుంట కూసునుడు అహింస గాదు, పిరికితనం."

"ఖలాస్. ఈయనతోని గెలువం, నడువుండ్రి" అంటూ రాజన్నే ముందు లేచాడు.

ఆ సాయంత్రమే పక్కనున్న జిదాఫ్స్ ఊళ్లో పశువుల డాక్టరు వాడి మెడ మీద మందు చుక్కలు వేశాడు. ఇవాళ భైరవుడు గిన్నెడు పెరుగన్నం నాకేశాడు. ఫోర్‌మన్ వాడి చెవులు వెనక్కి తిప్పి చూసి, "రహనే దో భాయ్" అని వాణ్ణి ఉండనిచ్చాడు. ధర్మం గెలిచింది. జై కొట్టి కొట్టి నా గొంతు బొంగురుపోయింది.

కానీ డాక్టరు మాట గుచ్చుతోంది. ఎడారి ఎండకు పిడుదులు చావవట. ఏసీ చల్లదనానికి గోడ పగుళ్లలో చేరి గుడ్లు పెడతాయట. మా ఏసీ గదిలో భైరవుడు పడుకునే మూలంతా పగుళ్లే. ఆయనిచ్చిన గోడ మందు మూత కూడా తీయలేదు...

రాసింది చాలు. లే, రాజన్నను లేపు. మందు కొట్టి ఆ పగుళ్లు ఇవాళే పూడ్చు.