కలెక్టరుకి కట్టిన జాలి

నాన్నా,

ఇవాళ మన కిటికీలన్నిటికీ స్టీలు జాలి బిగించాం. నువ్వుంటే వడ్రంగి మస్తాన్ గారి పక్కనే నిలబడి పొద్దుటి నుంచీ ఆయన్ని విసిగించేవాడివి. నీ బదులు ఆ పని నేను చేశాను.

ఆయన జేబులో కొత్త సెల్లు మోగుతున్నా పట్టించుకోకుండా ఆఖరి స్క్రూ బిగించి, "పిల్లి గోళ్లు అరగాల్సిందే గాని దీనికేం కాదమ్మా" అన్నారు. నువ్వు కలెక్టరని పేరు పెట్టిన మన పిల్లి వెంటనే జాలికి వేలాడి చూసింది. పాత నైలాను జాలిలా ఇది చిరగలేదు. అది కిందికి దూకి, గుమ్మంలోంచి దర్జాగా లోపలికి వచ్చింది.

పోయిన ఎండాకాలం దాన్ని ఆపాలని ఆ నైలాను జాలికి గంజిలో కారం కలిపి పూశావు. ముప్పై ఏళ్లు మిరప పండించిన మనిషివి, గాలి ఎటు వీస్తుందో చూసుకోలేదు. సాయంత్రానికి ఇల్లంతా దగ్గులే. "పిల్లి తప్ప అందరం బయటికొచ్చాం" అని అమ్మ ఊరంతా చెప్పింది.

ఆ జాలిని మస్తాన్ గారు పారేస్తానంటే అమ్మ ఇవ్వలేదు. మేడ మీద ఎండబెట్టిన వడియాల మీద కప్పింది. దాని మూలల్లో నీ కారం ఇంకా అంటుకునే ఉంది. కాసేపటికి కలెక్టరు వచ్చి జాలిని వాసన చూసి, రెండుసార్లు తుమ్మి, ఒక్క పరుగున మెట్లు దిగిపోయింది.

అమ్మ నవ్వు ఆపుకోలేక మెట్టు మీద కూలబడింది. నువ్వు పోయాక ఆమె అలా నవ్వడం ఇదే మొదలు. కళ్లు తుడుచుకుని, "మీ నాన్నకి చెప్పవే, ఆయన మందు పనిచేసిందని" అంది.

అందుకే రాస్తున్నాను.