పడదు అన్న మాట

జూన్ 12, గురువారం

పిన్నీ,

ఇవాళ పొద్దున్నే ఒక వింత. రోజూ పక్కన నిలబెట్టి పాఠం చెప్పే మా డాక్టరమ్మ, నన్ను ఎదురుగా పేషెంటు కుర్చీలో కూర్చోమన్నారు. నిన్న క్లాసులో ఎవరో పంచిన కేకు తిన్నాక నా పెదవులు వాచి గొంతు బిగుసుకుపోయింది. ఆస్పత్రిలోనే ఉన్నాను కాబట్టి వెంటనే సూది వేశారు. కంగారుపడకు, ఇప్పుడు బాగానే ఉన్నాను.

"అందులో జీడిపప్పు ఉందట మేడమ్. నాకు పడదనుకుంటా," అన్నాను.

"పడదంటే ఏం అర్థం చేసుకోను తల్లీ? నాకు పెరుగు పడదు, తుమ్ములొస్తాయి. మా అత్తగారికీ నాకూ పడదు, తుమ్ములు కూడా రావు. ఊపిరి ఆడలేదని చెప్పు. ఇంతకుముందు ఎప్పుడైనా అయిందా?"

నాకు నువ్వు గుర్తొచ్చావు. కొత్తగా మన ఇంటికొచ్చి నువ్వు కలిపి పెట్టిన మొదటి ముద్దకే నేను నీలంగా మారి పడిపోయాను. "సవతి కూతురు కదా, ఏం పెట్టిందో," అంది మేనత్త. ఆ తర్వాత పిన్నికీ దానికీ పడదంటూ నన్ను హాస్టల్లో వేశారు. నాన్న పోయిన రోజున కూడా నాకు మంచినీళ్ళు మేనత్త చేతే ఇప్పించావు. నేనంటే నీకు అసహ్యమనుకున్నాను.

ఆ రోజు కూరలో జీడిపప్పు నూరి వేశావా పిన్నీ? అలాగైతే పడనిది నాకూ నీకూ కాదు.

డాక్టరమ్మ రెండు అడ్రినలిన్ పెన్నులు రాసిచ్చారు, పెన్నులా ఉండే సూదిమందు. రెండూ ఎప్పుడూ నాతోనే ఉండాలి. గొంతు బిగిస్తే ఆలస్యం చేయకుండా, బట్టల మీదుగానైనా సరే, తొడకి బయటి వైపున పొడుచుకుని ఆస్పత్రికి వెళ్ళాలి. నేను స్పృహ తప్పితే పొడవడానికి ఇంట్లో ఒకరు నేర్చుకోవాలట. ఎవరని అడిగితే, నిన్ను అడక్కుండానే మా పిన్ని అన్నాను.

నీ అమ్మాయి

జూన్ 16, సోమవారం

అమ్మడూ,

నూరి వేశాను. తల్లి లేని పిల్ల, మొదటి ముద్ద కమ్మగా ఉండాలని గుప్పెడు వేశాను.

మీ మేనత్త మాటకి నేను బాధపడలేదు. నమ్మాను. నా చేతిలోనే ఏదో ఉందనుకున్నాను. అందుకే నీ దరిదాపులకి రాలేదు. మీ నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు గానీ, కడదాకా నా చేతులకేసి చూస్తూనే ఉండేవారు. ఆయనకి ఇక చెప్పలేం.

అలాంటి చేతికి నువ్వు సూది ఇస్తానంటున్నావు. వెళ్ళి అడిగితే మన వీధి నర్సమ్మ, నేర్చుకోవడానికి సూది లేని ఉత్తుత్తి పెన్ను ఉంటుందని చెప్పింది. వంట మాత్రం అడగకు, ఇప్పట్లో నా వల్ల కాదు.

ఈ ఉత్తరం సాయంత్రం బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. రేపు పొద్దున మొదటి బస్సుకి నేనూ వస్తాను. మీ డాక్టరమ్మ గది ఎక్కడో నాకు తెలియదు, గేటు దగ్గర నిలబడు.

పిన్ని