అమ్మ ఎక్కిన బురద కొండ

నాన్నా,

నీ సంవత్సరీకం అయ్యాక అమ్మను మన ఊరు ఇపో నుంచి సముద్రం అవతలి సబాకు తీసుకెళ్లాను. నువ్వు చూడాలని చెబుతూ వచ్చిన బురద కక్కే కొండ అక్కడి అభయారణ్యంలోనే ఉంది. దారి కొంచెమే గాని నిట్టనిలువు. అమ్మ మోకాళ్లు తలచుకుని, "మనం కిందే కూర్చుందామమ్మా," అన్నాను.

"ఏటే, రబ్బరు తోటలో రోజూ కొండెక్కినదాన్ని. నువ్వే కూకో లా," అని ఇపో వాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి, చెట్ల వేళ్లు పట్టుకుని నాకంటే ముందు ఎక్కేసింది.

పైన బురద బుడబుడమంటోంది. అంచున ఏనుగుల అడుగుజాడలు తాజాగా ఉన్నాయి. అమ్మ చెయ్యి ముంచి, ఆ చల్లటి బురదను ముఖమంతా పూసుకుంది.

"ఫొటో తీయే. మీ నాన్న ఇప్పుడు సూస్తే నన్ను పోల్సుకోలేడు."

నవ్వు ఆపుకోలేక నా చెయ్యి కదిలిపోయింది. ఫొటో మసకగా వచ్చింది. నువ్వైతే ఇట్టే పోల్చుకుంటావు.