బీగంచెవి ఎవరి దగ్గర

మిట్టేమరి,
బుధవారం.

అమ్మా ప్రతిమకు తాత ఆశీర్వాదం.

ఫోన్లో నాకు మాట పెగలదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. నీ కొత్త రేసు బైకు పట్టుపురుగుల గదిలో భద్రంగా ఉంది. దొంగతనం ఇన్సూరెన్సుకు బాగేపల్లిలో ఇద్దరిని అడిగాను. నెంబరు లేని బండికి లేదన్నారు. దీపాలూ అద్దాలూ లేకుండా ట్రాకు కోసమే చేసిన బండి, రోడ్డెక్కనిదానికి నెంబరెందుకని అడగాలనుకున్నాను. అడగకుండానే వచ్చేశాను. మీ అవ్వ ఊరుకోలేదు. "నోరుండేది తినేదానికేనా? చింతామణికి పో. అడిగినాకే ఇంటికి రా" అంది.

నిన్న పోయాను. అక్కడి ఇన్సూరెన్సు ఆఫీసులో సుజాతమ్మ అనే ఆఫీసరమ్మ కూడా తల అడ్డంగా ఊపింది. "ఆర్‌సీ లేకుంటే ఎట్లప్పా? అది మీదేనని ఎట్ల నమ్మేది?"

ఈసారి నేను లేవలేదు. "మా ఆవుకు ఆర్‌సీ ఉండాదా అమ్మా?" అన్నాను.

పక్క బల్ల దగ్గర లోకేశ్ అనే గుమాస్తా నవ్వాడు. "ఆవు రేసుకు పోతాదా తాతా?"

"పోదప్పా. అయినా చెవికి బిళ్ళ కొట్టి మీరే ఇన్సూరెన్సు ఇచ్చినారు. ఈ బండికి బిళ్ళ పని కూడా లేదు. ఇనుములోనే నెంబరు కొట్టిండారు." చాసిస్ నెంబరు రాసుకున్న చీటీ ఆమె ముందు పెట్టాను. ఒక్కసారిగా అన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఆమె నవ్వలేదు. మోటారు ఇన్సూరెన్సు రాదట. గదిలోని సామానుగా, ఆ నెంబరు వేసి, దొంగతనానికి మాత్రం రాయొచ్చట. గదిలో ఉన్నంతవరకే. ట్రాకులో గానీ దారిలో గానీ పోతే చెల్లదు. "బీగం పగలగొట్టిన గుర్తుండాలప్పా. తెరిచిపెట్టింటే ఏమీ రాదు" అంది. ఫారంలో ఇంకో ప్రశ్న ఉంది: ఆ గదిలో ఇంతకుముందు దొంగతనం జరిగిందా, ఎట్లా జరిగింది?

తల్లీ, పోయినేడు నీ మొదటి బండి పోయినప్పుడు బీగం మరిచింది నువ్వేనని మీ నాయన దేవరాజ్ తిట్టాడు. నువ్వు కూడా మరిచానేమోనని ఏడ్చావు. నువ్వు మరవలేదు. నువ్వు బస్సెక్కినాక నా దగ్గరున్న బీగంచెవితో నేనే తెరిచాను. బండెక్కి, నీ మాదిరి ముందుకు వంగి చూశాను. బయట అలికిడైతే, ఈ వయసులో ఇదేంటని నవ్వుతారని సిగ్గేసింది. దిగి, తలుపు మూసి, ఏమీ ఎరగనట్టు తోటకు పోయాను. బీగం వేయలేదు. ఏడాదంతా నువ్వు రేసుకు పోలేదు. నేను నోరు తెరవలేదు.

ఫారంలో జరిగింది జరిగినట్టే రాశాను. పాలసీ ఇవ్వకపోయినా సరే, అబద్ధం రాయను. నువ్వు సహి చేయాలి. బీగంచెవి ఉంచుకునేవారి పేరు దగ్గర మీ నాయన పేరు రాయి. ఫారంతో పాటు నా బీగంచెవి కూడా ఈ కవరులోనే పెట్టాను. ఇక ముట్టను.

మాట దాచిన మీ తాత,
బయ్యప్ప


మిట్టేమరి,
మరుసటి వారం, శుక్రవారం.

తల్లీ ప్రతిమా,

ఎనిమిది రోజులు నీ ఫోను రాలేదు. కోపం న్యాయమే. నిన్న కవరు వచ్చింది. ఉత్తరం లేదు, ఫారం ఉంది. విదిలిస్తే బీగంచెవి కిందపడింది. ఉంచుకునేవారి పేరు దగ్గర నీ చేతిరాత: బయ్యప్ప. పక్కన పెన్సిలుతో, "నాయనకు నువ్వే చెప్పాల తాతా. నేను చెప్పను. కూర్చోవాలంటే కూర్చో. పంచె చైనులో పడకుండా ఎగ్గట్టుకో."

అన్నం దగ్గర చెప్పాను. "దీనికా నేను బిడ్డను అన్ని మాటలంటి?" అని మీ నాయన ముద్ద వదిలి లేచిపోయాడు. సాయంత్రం వచ్చి, ఇంకో పెద్ద బీగం నా ముందు పెట్టాడు. నీకు ఫోన్ చేసే ఉంటాడు.

ఈ పొద్దు చింతామణిలో ఫారం ఇచ్చాను. పెన్సిలు రాత చెరపడం మరిచాను. సుజాతమ్మ అంతా చదివి, "రెండు బీగాలు వేయాలప్పా" అని సహి చేసింది. పాలసీ అయింది.

లోకేశ్ ఊరుకుంటాడా? "నిజంగా బండెక్కినావా తాతా?"

"ఎక్కినా. మళ్ళీ ఎక్కుతా" అన్నాను.

ఇంటికొచ్చి ఎక్కాను కూడా. పంచె ఎగ్గట్టి, తలుపు బార్లా తెరిచే. మీ అవ్వ వాకిట్లో నిలబడి నవ్వింది. నవ్వనీ అనుకున్నాను. దిగి రెండు బీగాలూ వేసి, లాగి చూశాను. రేసు ఎప్పుడో రాయి. బండిని రేసుకు తీసుకుపోయే టెంపో వచ్చిననాడు గది తెరిచేది నేనే. బీగంచెవులు నా మొలతాడుకే ఉన్నాయి.

నీ తాత,
బయ్యప్ప