తెల్ల పీచ్ తోట, బెల్లీని ఇంటిపేరు

వెనిస్ దగ్గర సాంతెరాస్మో దీవిలో కాపురముంటున్న, కీర్తిశేషుడు జ్వాన్ బెల్లీని కొడుకు ఒరెస్తే అనే నేను, వయసు ఎనభై ఒకటి, మతి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసిన వీలునామా ఇది. చదువు నాలుగో తరగతి. అక్షరాలు దిద్దండి, మాటలు మార్చకండి. దీన్ని జరిపించే బాధ్యత మా చర్చి ఫాదరు సిల్వియో గారిది.

1. నలభై రెండు తెల్ల పీచ్ చెట్ల తోట పక్కింటి ఇనెస్ జనెల్లాకు చెందాలి. ముప్పై ఏళ్లుగా నాతో పండ్లు కోసింది, జల్లెడలో చేత్తో పిసికింది. పండు లేని నెలల్లో ఆ రసం ఉండదని ఆమెకు చెప్పక్కర్లేదు.

2. మా అన్న కొడుకు లోరిస్‌కు తోటలో ఒక్క కొమ్మ కూడా లేదు. కారణం రాస్తున్నాను. వాడి బారులో డిసెంబరులో కూడా డబ్బా పీచ్ గుజ్జులో ఎర్ర రంగు కలిపి, నురుగు వైను పోసి, బెల్లీని అని అమ్ముతాడు. అసలు బెల్లీనిలో పోసేది అప్పుడే పిసికిన తెల్ల పీచ్ రసం. ఒక గుక్క తాగి కాలవలో ఉమ్మాను. ఆ పానీయానికి పెట్టింది పాతకాలపు చిత్రకారుడి పేరు. సంగీత నాటకాలు కట్టినవాడు ఇంకొక బెల్లీని, సిసిలీ వాడు. ఇద్దరూ మాకేమీ కారు. మావాళ్లు ఆర్టిచోక్ కూరగాయలు పండించారు. లోరిస్ మాత్రం ఇద్దరూ మా తాతలేనని చెబుతాడు.

మొన్న ఫిబ్రవరిలో కార్నివాల్ పండగకు సాయం కావాలని నన్ను తీసుకెళ్లి, ఆ చిత్రకారుడిలా మఖమల్ టోపీ పెట్టి, బారు గుమ్మంలో కూర్చోబెట్టాడు. "బాబాయ్, నువ్వేం మాట్లాడక్కర్లేదు. ముసలాడిలా కూర్చో, చాలు" అన్నాడు. పదకొండు రోజులు కూర్చున్నాను. ఒకావిడ బుగ్గ గిల్లింది. ఇనెస్ వచ్చి చూసి, "ఏం ఒరెస్తే, వచ్చే ఏడు మేకు కొట్టి నిన్నే గోడకి తగిలిస్తాడా?" అంది, నవ్వకుండా.

ఇప్పుడు వాడి సీసాల మీద నా మొహం ఉంది. పడవ కాగితమని వాడంటే చదవకుండా సంతకం పెట్టాను. తప్పు నాదే. నా మొహం వాడుకోమన్న ఆ అనుమతి ఇంతటితో రద్దు.

3. వంటింట్లో కిటికీ పక్క కుర్చీ ఇనెస్‌ది. ఇన్నాళ్లూ అందులో వేరొకర్ని కూర్చోనివ్వలేదు. ఆమెకు తెలియదు.

4. నా సమాధి రాయి మీద ఒరెస్తే అని చెక్కండి, తేదీలు వేయండి. ఇంటిపేరు వద్దు. ఉంటే లోరిస్ పడవల్లో జనాన్ని అక్కడికీ తెస్తాడు. బతికుండగానే వాడి గుమ్మంలోంచి లేచి రాలేకపోయాను.

1989 అక్టోబరు 3, సాంతెరాస్మో.

(సంతకం) ఒరెస్తే బెల్లీని

సాక్షులు:
తూల్లియో ఎన్సో, పడవల మరమ్మతు
ఎల్దా స్కార్పా, రొట్టెల కొట్టు