నల్లగా, గట్టిగా ఉండేవి

బావగారికి మీ మరదలు వంగి సలాం చేసి రాస్తున్నది.

కాలికి కట్టుతో ఉన్న మీ తమ్ముణ్ణి గుర్రమెక్కించలేం. మంచుకు కనుమ దారి మూసుకుపోయేలోగా ఆయన్ని ఆస్పత్రి నుంచి తేవాలంటే మా జీపే దిక్కు. దాని ఇంజను విప్పి పెరట్లో పరిచిన మర్నాడే కదా ఆయన పడింది!

నిన్న మంచు మొదలైంది. గొర్రెల కోసం కొండెక్కుతూ పక్కింటి జుమాష్ తాతకు, "పెరట్లో నల్లగా, గట్టిగా ఉన్నవన్నీ గొంగళ్లతో కప్పు తాతా" అని కేకేశాను. తిరిగొచ్చేసరికి బొగ్గుల కుప్ప మీద ఐదు గొంగళ్లున్నాయి, ఇంజను ముక్కలు మంచులో మునిగాయి.

"నల్లగా, గట్టిగా అంటే బొగ్గే కదే పిల్లా! నీ బావ పేరైతే మాత్రం, ఒక్కసారి అంటే కొంప మునిగేదా?" అన్నాడు తాత.

ఏం చేయను? ఇంజను ముక్కలు ఏ లోహంతో చేశారో, మన భాషలో దాని పేరే మీకు పెట్టారు. అత్తింటి పెద్దల పేరు కోడలి నోట రాకూడదాయె. ఇంజను అనాలని కంగారులో తట్టలేదు.

అన్నీ తుడిచి పొయ్యి పక్కన పెట్టాను. నాలుగు గొట్టాల్లోనూ నీళ్లు నిలిచాయి, పొద్దుటికి లోపల ఎర్రబడింది. నూనె పోయాలో, గీకాలో తెలియదు. ఆయనకు మాత్రం చెప్పకండి.

అత్తగారు నన్ను క్షమించాలి. తెమిర్ తుప్పు పడుతోంది, తెమిర్ బావగారూ! వెంటనే రండి.