ఎల్లేశం కింది స్వరాలు

చెన్నూరు,
ఆదివారం.

నర్మదకు,

ఇక్కడ నేను కుదురుగానే ఉన్నాను. అక్కడ నువ్వు, మన బిడ్డ పద్మలత, ఆస్పత్రి అద్దాల పెట్టెలోని ఆమె పసిగుడ్డు క్షేమంగా ఉండాలని ప్రభువును అడుగుతున్నాను. పాప బరువు పెరుగుతోందని రాశావు. ఆ మాట నీ మరదలు రమకు చదివి వినిపించాను. నీ తమ్ముడు ఎల్లేశం పోయినప్పటి నుంచి ఆమె కొంచెం నవ్వింది అప్పుడే.

బియ్యం ఎండబోశాను. బీపీ గోలీలు మరవడం లేదు. సమాధి మీద మట్టి కుంగితే మళ్లీ పోయించాను. నువ్వు అడిగినవాటిలో ఒక్కటే మిగిలింది, ఎల్లేశం ఆఖరి రోజు ఎట్లా గడిచిందని. అది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

బొగ్గుబాయి దుమ్ము వాడి ఊపిరితిత్తులను తినేసిన సంగతి నీకు తెలుసు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టాక యూఫోనియం, వాడి ఆ పెద్ద ఇత్తడి బూర, ఊదడం మానేశాడు. చర్చి బ్యాండులో ఇన్నేళ్లూ మా అందరి కింది స్వరాలు వాయించినవాడు. ఒకనాడు పిలిచి, "బావా, నా వరుస ఎన్నడూ ఒక్కటే వినలే. మీ మోతల మునిగిపోయేది. నీ క్లారినెట్ మీద జర వినిపియ్యి" అన్నాడు.

వాడి కాగితం మీద ఉన్నది బేస్ క్లెఫ్, కింది స్వరాలు రాసే పద్ధతి. నాకు పై స్వరాల ట్రెబుల్ తప్ప రాదు. నాకు తెలిసినట్టే చదివి ఊదాను. "గిది ఎవల పెండ్లి పాట బావా?" అని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పడుకునే నేర్పించాడు. కింది నుంచి రెండో గీత నాకు జీ అయితే వాడికి బీ. పైగా నా క్లారినెట్ రాసినదానికంటే ఒక స్వరం కిందికి పలుకుతుంది. అందుకని అన్నిటినీ ఒక స్వరం పైకి జరిపి తిరిగి రాశాను. అయినా కొన్ని మిగిలాయి. క్లారినెట్ అంత కిందికి దిగదు. వాటిని పై స్థాయిలో వాయిస్తానంటే ఒప్పుకోలేదు. "అవి ఆడనే ఉండాలె. ఆడ నువ్వు ఆగు, నేను గొంతుతోని అంట" అన్నాడు.

ఆఖరి రోజు సాయంత్రం వాడి మంచం పక్కన కూర్చుని వాయించాను. నేను ఆగిన చోటల్లా వాడు గొంతుతో అందుకున్నాడు. ఆయాసం ఎక్కువైంది. రమ వచ్చి, "అన్నా, ఇగ సాలు" అని వేడినీళ్లకు లోపలికి పోయింది.

నర్మదా, ఇది ఎవరికీ చెప్పలేదు. వాడి పెదవులు నల్లబడడం నేను చూశాను. నేను ఆపితే వాడూ ఆగేవాడు. చెయ్యి ఊపి కానీయమన్నాడు, నేను కానిచ్చాను. పాటలో చివరి స్వరం వాడిదే. దాన్నీ గొంతుతో అన్నాడు. ఆ తర్వాత ఊపిరి లోపలికి పోలేదు.

ఎట్లయినా కొన్ని రోజులే అని డాక్టరు ముందే చెప్పాడు. కానీ వాడిని చూడడానికి ఆ శుక్రవారం బండికి నువ్వు టికెట్ తీసుకున్నావు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ కొన్ని రోజులు ఉంటే నువ్వు వాడిని ప్రాణంతో చూసేదానివి.

స్మరణ ప్రార్థనలో వాయించమని పాస్టరుగారు అడిగారు. నావల్ల కాదన్నాను. పాప ఇంటికి చేరాక నువ్వు రా. నాతో మాట్లాడకపోయినా సరే, రమ దగ్గర కొన్నాళ్లు కూర్చో. ఆమెకు నేను చెప్పలేను. చెప్పాలో వద్దో నువ్వే చూడు.

ఇట్లు,
నీ పెనిమిటి,
పర్శరాములు